టిబెట్టును కొలిచిన బడిపంతులు

మన పాఠశాల పత్రికలో ఏటేట ఒక మహాపురుషుని జీవితకథను ప్రకటించుట ఆచారము. రాజులును, కవులును, దేశభక్తులును ఈ పుటలలో ఇదివరకే పెక్కుసారులు దర్శనమిచ్చియున్నారు. ఈ పర్యాయము మేము ఒక బడిపంతులును ఎన్నుకొంటిమి. ఇది స్వవృత్తిపక్షపాతమని ఎవరైన అనినచో కాదనజాలము. అయితే ఈ పంతులు చేసిన పని సామాన్యమైనది కాదు. హిమాలయముల కావల పరచుకొనియున్న టిబెట్టు పీఠభూమి ఎంత ఎత్తున నున్నదో, అచటి చలి ఎట్టిదో, వాన ఎప్పుడు పడునో, నేల ఎప్పుడు గడ్డకట్టునో కొలిచి చూచి లోకమునకు తెలిపిన మొదటివారిలో అతడొకడు. అతని పేరు నైన్‌సింగ్ రావత్.

పీఠభూమి యనగానేమో మన హోసూరు ప్రాంతపు పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. కృష్ణగిరి నుండి బస్సులో మిట్ట ఎక్కి వచ్చునపుడు గాలి చల్లబడుట వారికి అనుభవమే. మనము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నాము. ఉదకమండలము 2,240 మీటర్ల ఎత్తున నున్నది. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్లు. అనగా ఉదకమండలమునకు రెట్టింపు. ఆ ఎత్తున సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్ల నేల విస్తరించియున్నది. భూమండలమున అంతటి ఎత్తున అంతటి విశాలమైన ప్రదేశము వేరొకటి లేదు. అయినను పందొమ్మిదవ శతాబ్ది నడుమ వరకు పటములలో ఆ భాగము చాలవరకు ఖాళీగనే యుండెను.

నైన్‌సింగ్ 1830వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన కుమావూ సీమలోని మిలం అను కొండపల్లెలో జన్మించెను. ఆ పల్లె నేడు ఉత్తరాఖండ రాష్ట్రములో, పితోరాగఢ్ జిల్లాలో చేరియున్నది. అది 11,000 అడుగులకు పైబడిన ఎత్తుననుండుటచే శీతకాలమున ఊరివారందరు తలుపులు మూసికొని లోయలకు దిగిపోవుదురు. మంచు కరగిన పిదప మరల ఎక్కి వత్తురు. వీరిని భోటియాలందురు. ధాన్యమును, వస్త్రములను గొఱ్ఱెలపైనను మేకలపైనను వేసికొని, కనుమలు దాటి, టిబెట్టులో ఉప్పును, ఉన్నిని, వెలిగారమును మార్చుకొని వచ్చుట ఆ కాలమున వీరి తరతరముల వృత్తిగ నుండెను. అందుచే టిబెట్టు భాష వారికి సంతభాషయైనది. ఇంట ఒక భాష, సంతలో ఒక భాష, బడిలో మరియొక భాష. ఇంట తెలుగును, వీధిలో తమిళమును, అంగడిలో కన్నడమును మాటలాడు మన పిల్లలకు ఈ స్థితి క్రొత్తది కాదు. సరిహద్దున పుట్టినవానికి అబ్బిన ఆ భాషయే తరువాత నైన్‌సింగ్ ప్రాణమును పెక్కుసారులు కాపాడెను.

అతని యౌవనమున జర్మను దేశీయులైన ష్లాగింట్‌వైట్ సోదరులు, ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు హంబోల్టు సిఫారసుతో, హిమాలయములను పరిశోధింప వచ్చిరి. 1855 మొదలు 1857 వరకు నైన్‌సింగ్ వారికి తోడుగా మానససరోవర ప్రాంతమునకును లడఖునకును పోయెను. ఉష్ణమాపకమును, వాయుభారమాపకమును అతడు మొదట చేతబట్టినది ఆ యాత్రలోనే. తరువాత స్వగ్రామమునకు మరలివచ్చి 1858 నుండి 1863 వరకు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడుగ నుండెను. ఆ సీమలో బడిపంతులును పండితుడని పిలుచుట వాడుక. కాలక్రమమున ఆ పిలుపే అతనికి మారుపేరయ్యెను. లండనులోని భూగోళ పండితులు సైతము అతనిని చిరకాలము ఆ పేరుతోనే ఎఱిగిరి.

ఆ కాలమున టిబెట్టు పాలకులు పరదేశీయులను తమ దేశములో అడుగిడనీయకుండిరి. దొరలు మారువేషమున పోవుటయు సులభము కాదు. ముఖవర్ణమే పట్టి ఇచ్చును. కావున భారత సర్వే శాఖలోని కెప్టెన్ మాంట్‌గోమరీ అను నాతడు ఒక ఉపాయము పన్నెను. సరిహద్దు ప్రజలలో చదువు వచ్చినవారిని, టిబెట్టు భాష తెలిసినవారిని చేరదీసి, వారికే కొలతల విద్య గఱపి పంపవలెనని అతని యోచన. 1863లో నైన్‌సింగును, అతని బంధువగు మణిసింగును డెహరాడూనునకు పిలిపించి శిక్షణ నిచ్చిరి.

ఆ శిక్షణ విచిత్రమైనది. ఎత్తెక్కినను, పల్లము దిగినను, ఇసుకలో నడచినను అడుగు నిడివి మారకుండునట్లు నడువవలెను. రెండువేల అడుగులు వేసిన మైలు దూరము. హిందూ జపమాలలో 108 పూసలుండును గదా. వీరి మాలలో 100 మాత్రమే యుండెను. నూరడుగులకు ఒక పూస జారవిడుతురు. మాల ఒక చుట్టు తిరిగినచో పదివేల అడుగులు, అనగా ఐదు మైళ్లు. బౌద్ధులు చేత త్రిప్పు ప్రార్థనా చక్రములో మంత్రపత్రములకు మారుగ, దిక్కులును దూరములును వ్రాసిన చీటీలుండెను. జపము చేయువానిని ఎవరును పలుకరింపరు. పెట్టె అడుగున దొంగ అరలో సెక్స్‌టెంటు, కఱ్ఱ బోలులో ఉష్ణమాపకము, గవ్వలలో పాదరసము. రాత్రివేళ ఆ పాదరసమును భిక్షాపాత్రలో పోసి, అద్దమువలె నిలిచిన దానిలో నక్షత్ర ప్రతిబింబమును చూచి అక్షాంశమును గణింతురు.

ఒకనాడు మేము తొమ్మిదవ తరగతి పిల్లలతో బడి గేటు మొదలు బస్సు నిలయము వరకు అడుగులు లెక్కించి చూచితిమి. నలుగురు లెక్కింపగా నాలుగు లెక్కలు వచ్చినవి. త్రోవలో చెఱకురసపు బండి కనబడగానే ఒకని లెక్క పూర్తిగ తప్పినది. నైన్‌సింగ్ ఒక్క యాత్రలోనే పన్నెండు వందల మైళ్లు, సుమారు 25 లక్షల అడుగులు, ఇట్లు లెక్కించి నడచెను.

ఇక ఎత్తును కొలుచు విధము. మా సైన్సు అయ్యవారు ఒకమారు ప్రయోగశాలలో నీరు మరగించి చూపగా, ఉష్ణమాపకము 97 డిగ్రీల కడనే నిలిచిపోయెను. పుస్తకములో 100 అని యున్నది గనుక పరికరము చెడిపోయినదని పిల్లలు తీర్మానించిరి. పరికరము చెడలేదు, మన యూరి ఎత్తే అందులకు కారణము. పైకి పోయినకొలది మీది గాలిబరువు తగ్గును. గాలిబరువు తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరగును. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గునని స్థూలముగా చెప్పవచ్చును. లాసా నగరమున నీరు 88 డిగ్రీల కడనే మరగును. అచట కుండలో అన్నము సరిగా ఉడుకదు. టిబెట్టువారు ముందుగనే వేయించి విసరిన యవల పిండిని వెన్న వేసిన తేనీటిలో కలుపుకొని తినుటకు ఇది ఒక కారణము. ఎవరైన టీకి నీళ్లు కాచుచుండిన సంశయింతురా? నైన్‌సింగ్ ఆ నీళ్లలోనే ఉష్ణమాపకమును ముంచి టిబెట్టు ఎత్తును కనుగొనుచుండెను.

1865లో బంధువులిద్దరును ఖాట్మండు చేరిరి. అచటినుండి మణిసింగ్ వేరు త్రోవ పట్టెను. నైన్‌సింగ్ ఒకచోట గుఱ్ఱములు కొనవచ్చిన బషహరు వర్తకుడనని, మరియొకచోట లడఖువాడనని చెప్పుకొనుచు ముందునకు సాగెను. సరిహద్దున ఒక అధికారి అతనిని నిలువదీసి, లాసాకు పోయినచో తల తీయుడని ఒడంబడిక వ్రాయించుకొనెను. అతడు వ్రాసి యిచ్చెను. పిమ్మట లాసాకే పోయెను. 1866 జనవరిలో ఆ నగరము ప్రవేశించి ఏప్రిలు వరకు అచటనే యుండెను. చేతిలోని ధనము కరగిపోగా, అచటి నేపాళ వర్తకులకు లెక్కలు వ్రాయు పద్ధతి నేర్పి పొట్ట పోసికొనెను. పంతులు ఎచటికి పోయినను పంతులే గదా!

ఆ దినములలో అతడనుభవించిన భయము ఊహింపదగినదే. ఒక చీనావానిని జనులయెదుట శిరచ్ఛేదము గావించుటను అతడు చూచెను. ఒకనాడు తనచేత ఒడంబడిక వ్రాయించుకొనిన అధికారియే ఆ నగరపు వీధిలో కానవచ్చెను. నైన్‌సింగ్ బస మార్చి, పగటివేళ బయటికి వచ్చుట తగ్గించెను. కాశ్మీరమునుండి వచ్చి అచట స్థిరపడిన ఇద్దరు మహమ్మదీయ వర్తకులు అతని గుట్టు కనిపెట్టిరి. వారు తలచినచో అతని తల నిలువకుండెడిది. కాని వారు ఎవరికిని చెప్పలేదు. అతని గడియారమును కుదువ పెట్టుకొని అప్పుకూడ నిచ్చిరి.

ఇంతటి భయములోను అతడు పని మానలేదు. సూర్యుని, నక్షత్రములను మరల మరల చూచి లాసా అక్షాంశము 29 డిగ్రీల 39 నిమిషములని తేల్చెను. నేటి పటములలోను ఆ అంకెయే కనబడును. వాతావరణమును గూర్చి అతడు తెచ్చిన వార్త మాకు మరింత విలువైనదిగ తోచును. ఫిబ్రవరి రాత్రులలో ఇంటిలోపల సైతము నీరు గడ్డకట్టు చలి యుండెననియు, తానున్న సెప్టెంబరు మొదలు జూన్ చివర వరకు చినుకైన పడలేదనియు, మంచు సైతము కొద్దిసారులే కురిసెననియు, పగలెల్ల బలమైన గాలి వీచుచుండెననియు అతడు తెలిపెను. మంచుకొండల నడుమ నున్న దేశమున మంచు కురియకుండుట ఏమి వింత యని అనిపించును. మన నైఋతి మేఘములు హిమాలయపు దక్షిణ పార్శ్వముననే తమ భారమును దింపివేయును. ఆవలికి పోవునది కొద్ది తేమ మాత్రమే. లాసాలో ఏడాదికి పడు వర్షము 40 మొదలు 45 సెంటీమీటర్లు. అందులో అత్యధికభాగము జూన్, సెప్టెంబరు మాసముల నడుమ పడును. అతడు టిబెట్టులో నుండినది చాలవరకు తక్కిన నెలలలోనే. ఈ లెక్కలు వచ్చుటకు చాలముందే అతని మాట వాటితో సరిపోయినది.

1867 వేసవిలో నైన్‌సింగ్ మరల బయలుదేరెను. ఈమారు బదరీనాథమునకు పైనున్న మానా కనుమగుండ పశ్చిమ టిబెట్టు చేరి, థోక్ జాలుంగ్ అను బంగారు గనులను చూచెను. ఆ స్థలము ఎత్తు 16,330 అడుగులని లెక్కకు వచ్చెను. అచటి గాలి ఎంతటి కోతగాలియనగా, గనివారు ఏడెనిమిది అడుగుల లోతు గుంటలు త్రవ్వి వానిలో గుడారములు వేసికొనుచుండిరి. కట్టెపుల్ల దొరకదు, ఎండిన పేడయే వంటచెఱకు. ఇట్టిచోట వేసవిలో పని ముమ్మరముగ నుండునని ఎవరైన తలతురు. నైన్‌సింగ్ విన్నది అందుకు విరుద్ధము. వేసవిలో 300 గుడారములుండగా శీతకాలమున 600 వరకు చేరునట. కారణమేమనగా, చలికి నేల రాయివలె బిగిసిపోవును; అపుడు ఎంత త్రవ్వినను గట్లు విరిగి మీద పడవు. ఒక దేశపు వాతావరణము అచటి మనుష్యుల జీవనమును ఎట్లు దిద్దునో ఇంతకంటె బాగుగ చెప్పు ఉదాహరణమును మేమెఱుగము.

ఆ గడ్డకట్టిన నేల నేడు శాస్త్రజ్ఞులకు గొప్ప చింత యైనది. గత కొన్ని దశాబ్దములుగా టిబెట్టు పీఠభూమి లోకపు సగటుకంటె త్వరితముగా వేడెక్కుచున్నది. 2006లో లాసాకు రైలుమార్గము తెఱచినపుడు, పట్టాల క్రింది మంచునేల కరగి క్రుంగిపోకుండ అమ్మోనియా నింపిన లోహపు గొట్టములను దారి పొడుగున పాతవలసివచ్చెను.

నైన్‌సింగ్ చేసిన యాత్రలలో మిక్కిలి గొప్పది కడపటిది. 1873లో ఫోర్‌సైత్ దొర రాయబారముతో యార్కందు పోయి వచ్చిన పిదప, 1874 జూలైలో అతడు లామా వేషమున లడఖు నుండి వెడలెను. సామాను మోయుటకు ఇరువదియాఱు గొఱ్ఱెలు. ఒక్కొక్క దానిపై ఇరువది, ఇరువదియైదు పౌనుల బరువు. వాటికి త్రోవలోని గడ్డియే మేత. వేయి మైళ్ల నడక కడతేరునప్పటికి నాలుగైదు గొఱ్ఱెలు మాత్రము మిగిలెను. పాంగోంగ్ సరస్సు తూర్పు కొనయందు నీరు తియ్యగను, పడమటి కొనయందు ఉప్పగను ఉండుటను అతడు గుర్తించెను. అచటినుండి తూర్పుగ పోవుకొలది, అంతకుముందు ఏ సర్వేవారును చూడని సరస్సులును, గడ్డిబయళ్లును, అడవిగాడిదల గుంపులును ఎదురయ్యెను. సుమారు 15,000 అడుగుల ఎత్తున, డాంగ్రా సరస్సు ఒడ్డున, ఒంబో అను గ్రామములో యవల చేలు కనబడెను. ఎన్నో దినములుగా పైరు మొక్కను చూడనివానికి ఆ చేలు ఎట్లు తోచెనో గాని, అతడు ఆ వివరమును సైతము పొడిమాటలలోనే నమోదు చేసెను.

నవంబరులో లాసా చేరెను. లడఖునుండి వచ్చిన ఒక వర్తకుడు తన్ను గుర్తించునని శంక కలిగి, రెండు దినములలోనే ఊరు విడిచెను. తవాంగు కడ కొంతకాలము నిలువరింపబడి, 1875 మార్చి 1వ తేదీన అస్సాములోని ఉదల్‌గురి వద్ద బయటపడెను.

భారత వాతావరణ శాఖ స్థాపింపబడినదియు ఆ 1875లోనే. దాని మొదటి అధిపతియగు బ్లాన్‌ఫర్డు 1884లో హిమాలయపు మంచునకును మన దేశపు వర్షములకును సంబంధము కలదని వ్రాసెను. తరువాత తెలుగువారైన పి. కోటేశ్వరం అను వాతావరణ శాస్త్రజ్ఞుడు 1958లో, వేసవిలో దక్షిణ భారతముపై మిక్కిలి ఎత్తున తూర్పునుండి పడమరకు పరువెత్తు గాలిప్రవాహమును వివరించి, దానికిని టిబెట్టు పీఠభూమి వేడెక్కుటకును గల ముడిని చూపెను. ఆ నేల అంత ఎత్తున నుండుటచే ఎండకు కాగి, ఆకాశము నడిమి పొరలనే పొయ్యివలె వేడిచేయుననియు, అది మన వానలను లాగుననియు ఆ సిద్ధాంతము. పొయ్యి వేడిమియే ముఖ్యమా, లేక హిమాలయపు గోడ ఉత్తరపు పొడిగాలిని అడ్డుటయే ముఖ్యమా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. ఏ పక్షమువారికైనను ఆ నేల ఎత్తు తెలియక వాదము సాగదు. ఆ ఎత్తును మొదట కొలిచినవారిలో నైన్‌సింగ్ ఒకడు.

ఇచట మా మనస్సున నున్న ఒక చిక్కును దాచక చెప్పవలసియున్నది. పిల్లలకు సత్యమును బోధింపవలసిన పంతులు పేరు మార్చి, ఊరు మార్చి, ఒడంబడిక వ్రాసి తప్పి, ఆతిథ్యమిచ్చినవారిని వంచించెను. అదియు తన దేశము కొఱకు కాదు, తన దేశమును ఏలుచున్న పరప్రభుత్వము కొఱకు. 1904లో ఆంగ్లసేన లాసాపై దండెత్తి పోయినపుడు, టిబెట్టును గూర్చిన వారి తెలివికి ఇట్టివారి నడకలే పునాది. దీనిని కప్పిపుచ్చి అతనిని పొగడుట మాకిష్టము లేదు. అయితే తన్ను గూర్చి ఎన్ని అబద్ధములు పలికినను, చీటీపై వ్రాసిన అంకెలో ఒక్క అబద్ధమును చొరనీయలేదు. కొలువక కొలిచితినని వ్రాసినను పట్టుకొనువారు ఆ కొండలలో ఎవరుండిరి? ఈ రెండింటిని ఒక త్రాసులో తూచుట మాకు చేతకాలేదు. పిల్లలే తరగతిలో వాదించి చూతురు గాక.

రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీవారు 1868లో అతనికి బంగారు గడియారమును, 1877లో బంగారు పతకమును బహూకరించిరి. ఆ పతకము ప్రకటింపబడిన లండను నగరమును అతడెన్నడును చూడలేదు. భారత ప్రభుత్వము ఒక గ్రామమును ఈనాముగ నిచ్చెను. టిబెట్టులోని ఒక పర్వతశ్రేణికి అతని పేరు పెట్టిరి. 2004లో మన తపాలా శాఖ అతని బొమ్మతో బిళ్ల వెలువరించెను. కాని చలియు, మంచుపై ఎండ తళుకును, సెక్స్‌టెంటులో చూపు నిలిపి చేసిన గణనమును అతని కన్నులను, దేహమును పాడుచేసినవి. నడచుట మానుకొనిన పిదప అతడు మరల తన మొదటి వృత్తికే వచ్చెను. క్రొత్తవారికి అడుగు కొలుచుట, నక్షత్రములను గుర్తించుట నేర్పెను. వారికొఱకు హిందీలో అక్షాంశ దర్పణమను గ్రంథమును గూడ రచించెను.

అతని శిష్యులలో కిషన్‌సింగ్ అను బంధువొకడు 1878లో టిబెట్టునకు పోయి, నాలుగేండ్లకు పైగా తిరిగి, చింకిబట్టలతో 1882లో మరలివచ్చెను. త్రోవలో ఒకచోట దొంగలకు వెఱచిన తోడివారు గుఱ్ఱమెక్కి తీరవలెనని అతనిని నిర్బంధించిరి. అతడు గుఱ్ఱమెక్కెను, దాని కుడి ముంగాలు ఎన్నిమారులు నేలపై పడునో లెక్కించుచు రెండువందల మైళ్లకు పైబడిన దూరము సాగెను.